వేదనకు అధిష్ఠానమేది? అగ్నివేశుని ప్రశ్న, దాని చరిత్ర



కాలికి ముల్లు గ్రుచ్చుకొంటే కాలినొప్పి అంటాము. నుదురు బరువెక్కితే తలనొప్పి అంటాము. లోకవ్యవహారంలో వేదనకు చోటు చూపడం ఇంత సులభం. విచారణకు పూనుకొంటే మాత్రం సందేహం కలుగుతుంది. గాఢనిద్రలో ఉన్నవానికి అదే కాలు, అదే గాయం ఉన్నా బాధ తోచదు. మేల్కొన్న క్షణంలోనే తోస్తుంది. ఆ గాయం రాత్రంతా కాలిలోనే ఉన్నది కదా, వేదన అంతవరకు ఎక్కడ ఉన్నది?

ఈ ప్రశ్నకు జిజ్ఞాసువుల గోష్ఠులలో ఒక సమాధానం తరచుగా వినబడుతుంది: "బాధ అంతా మనఃకల్పితం, దేహం నీవు కాదు, కనుక ఓర్చుకో." తనకు తాను చెప్పుకొన్నపుడు ఈ మాటకు ఒక గౌరవం ఉన్నది. మోకాళ్ళు పట్టివేసి మెట్లెక్కలేని తల్లితోనో, కర్కటవ్యాధితో మూలుగుతున్న బంధువుతోనో ఇదే మాట అన్నపుడు అది ధర్మమా అన్నది ప్రశ్న. దీనిని నిర్ణయించడానికి మన శాస్త్రకారులు, ఆధునిక శరీరశాస్త్రజ్ఞులు ఈ విషయమై నడచిన దారిని చూడడం అవసరమని తలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను. ఆధునికులు కనుగొన్నదంతా మన గ్రంథాలలో ముందే ఉన్నదని నిరూపించడం నా ఉద్దేశం కాదు. ప్రశ్న ఉభయులకూ ఒకటే. సాధనాలు వేరు, ప్రమాణాలు వేరు.

దర్శనాలలో త్వగింద్రియం

ఆంధ్రదేశీయుడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం నేటికీ పాఠశాలలలో తర్కవిద్యకు ప్రథమసోపానం. త్వగింద్రియమాత్రంచేత గ్రహింపబడే గుణం స్పర్శ అని, అది శీతం, ఉష్ణం, అనుష్ణాశీతం అని మూడు విధాలని అందులో చదువుకొంటాము. జలానికి శీతస్పర్శ, తేజస్సుకు ఉష్ణస్పర్శ, పృథివీవాయువులకు రెండూ కాని స్పర్శ. చక్షుస్సు కనుపాపకొసలో, ఘ్రాణం నాసికాగ్రంలో ఉండగా, త్వగింద్రియం మాత్రం దేహమంతటా వ్యాపించి ఉన్నదని నైయాయికులు చెప్పారు.

అంతేకాదు. విశ్వనాథ పంచాననుడు న్యాయసిద్ధాంతముక్తావళిలో జ్ఞానం ఏదైనా కలగాలంటే త్వక్కుతో మనస్సుకు సంయోగం ఉండాలన్న మతాన్ని విచారించాడు. సుషుప్తిలో మనస్సు పురీతత్ అనే నాడిలో ప్రవేశిస్తుంది. అక్కడ త్వక్కు లేదు. కనుకనే ఆ దశలో ఏ జ్ఞానమూ లేదు, ఏ బాధా లేదు. నిద్రించేవాని గాయం ఎందుకు బాధించదన్న ప్రశ్నకు ఇది వారి సమాధానం. ఇందులోని నాడీవర్ణన నేటి శరీరశాస్త్రంతో సరిపోదు. అయినా, ఇంద్రియం వస్తువును తాకినంత మాత్రాన అనుభవం కలగదని, మధ్యలో మరొకటి కలసిరావాలని వారు గుర్తించడం గమనింపదగినది.

ఇక దుఃఖం ఎవరిది? నైయాయికులకు సుఖదుఃఖాలు ఆత్మగుణాలు. అద్వైతులకు అవి అంతఃకరణధర్మాలు. ఆత్మ సాక్షి మాత్రమే. శతాబ్దాలపాటు సాగిన ఈ వాదంలో ఉభయపక్షాలూ అంగీకరించిన విషయం ఒకటున్నది. కాలు తానుగా బాధపడదు. అది బాధకు నిమిత్తం.

వైద్యసంహితల మాట

తార్కికులకు వేదన విచారణీయవిషయం. వైద్యులకు అది ఎదుట కూర్చున్న మనిషి. చరకసంహిత శారీరస్థానం ప్రథమాధ్యాయంలో అగ్నివేశుడు గురువైన పునర్వసు ఆత్రేయుని వరుసగా ప్రశ్నలు అడుగుతాడు. వేదనలకు కారణమేమి? వాటికి అధిష్ఠానమేది? అవి నిశ్శేషంగా ఎక్కడ నివృత్తి పొందుతాయి? ఆత్రేయుని సమాధానం స్పష్టం. వేదనలకు అధిష్ఠానం మనస్సు, ఇంద్రియసహితమైన దేహం. కేశాలు, రోమాలు, గోళ్ళకొనలు, లోపలి అన్నమలద్రవాదులు ఇందుకు మినహాయింపు. చౌలంలో జుట్టు తీస్తే శిశువుకు నొప్పి ఎందుకు లేదో దీనివల్ల తెలుస్తుంది. వేదనలకు సంపూర్ణనివృత్తి యోగంలోను మోక్షంలోను అని కూడా ఆయనే చెప్పాడు.

ఇక్కడ రెండు అంశాలు గమనించాలి. ఆత్రేయుడు మనస్సును మాత్రమే చెప్పలేదు, దేహాన్ని మాత్రమే చెప్పలేదు. రెండింటినీ కలిపి చెప్పాడు. మోక్షంలోనే పూర్ణనివృత్తి అన్న గ్రంథమే, ఆ మాటతో ఊరుకొనక చికిత్సాస్థానమంతా బోధించింది. "మోక్షందాకా ఆగు" అని రోగిని పంపివేయలేదు.

సుశ్రుతసంహిత చర్మాన్ని ఏడు పొరలుగా వర్ణించింది. అవభాసిని, లోహిత, శ్వేత, తామ్ర, వేదిని, రోహిణి, మాంసధర అని వాటి పేర్లు. ఐదవదాని పేరు వేదిని, అనగా ఎరుక కలిగించేది. కుష్ఠవ్యాధి చర్మాన్ని ఆశ్రయించినపుడు కలిగే లక్షణాలలో స్పర్శహానిని ఆ సంహిత పేర్కొన్నది. ఈ స్పర్శహాని అనే పదాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. మన కథ మళ్ళీ అక్కడికి వస్తుంది.

కర్ణవేధవిధిలో సుశ్రుతుడు చెప్పిన మరొక సంగతి మరీ హృద్యమైనది. ఆరవ లేక ఏడవ మాసంలో శిశువును ఒడిలో కూర్చుండబెట్టి, ఆటవస్తువులతో మరపిస్తూ, లాలిస్తూ చెవి కుట్టాలని ఆయన విధించాడు. మనస్సు మరొకచోట నిలిస్తే సూదిపోటు బాధ తగ్గుతుందన్న అనుభవం, శిశువు బాధ కూడా బాధే అన్న గుర్తింపు, రెండూ ఆ చిన్న విధిలో ఉన్నాయి.

దెకార్త్ గంటత్రాడు

ఇప్పుడు ఐరోపాకు వెళ్దాము. ఫ్రెంచి తాత్త్వికుడు రెనె దెకార్త్ 1650లో మరణించాడు. మానవదేహాన్ని గురించి ఆయన వ్రాసిన గ్రంథం మరణానంతరం 1662లో లాటిన్‌లోను, 1664లో ఫ్రెంచిలోను వెలువడినది. అందులోని ఒక చిత్రం జగత్ప్రసిద్ధం. ఒక బాలుని పాదం నిప్పు దగ్గర ఉన్నది. ఆ వేడి పాదంలోని సూక్ష్మతంతువును లాగుతుంది. త్రాడు ఒక కొసను లాగితే రెండవ కొసన ఉన్న గంట మ్రోగినట్లు, మెదడులో ఒక ద్వారం తెరచుకొంటుంది. బాలుడు కాలు వెనుకకు తీస్తాడు. నొప్పి అంటే ఈ గంట మ్రోగడమే.

ఈ ఉపమానం మూడు శతాబ్దాలు వైద్యాన్ని శాసించినది, ఎంతో మేలూ చేసినది. నొప్పిని దైవశిక్షగా కాక దేహయంత్రాంగంగా పరీక్షించే ధైర్యం దానివల్ల వచ్చింది. 1811లో ఇంగ్లండులో చార్ల్స్ బెల్, 1822లో ఫ్రాన్సులో ఫ్రాన్స్వా మాజెండీ చేసిన పరిశోధనల ఫలితంగా, వెన్నుపాముకు వెనుకవైపు చేరే నాడీమూలాలు స్పర్శజ్ఞానాన్ని లోపలికి తెస్తాయని, ముందువైపువి కదలిక ఆజ్ఞలను బయటకు కొనిపోతాయని స్థిరపడినది. మాజెండీ ఈ నిర్ణయానికి బ్రతికి ఉన్న కుక్కపిల్లల నాడులను ఛేదించి చేరుకొన్నాడు. జంతువులు కేవలయంత్రాలని దెకార్త్ భావించాడు. ఇతరుల వేదనను లేదనుకోవడం ఎంత సులభమో మనకు తొలిసారి కనిపించేది ఇక్కడ.

1834లో జర్మనీలో ఎర్నెస్ట్ హైన్రిచ్ వేబర్ స్పర్శను గురించి గ్రంథం ప్రకటించాడు. వృత్తలేఖినికి ఉండే రెండు మొనలను చర్మంపై ఒకేసారి ఆనించి, అవి ఎంత దగ్గరైతే ఒకటిగా తోస్తాయో కొలిచాడు. వ్రేలికొనపై సుమారు 2 మిల్లీమీటర్ల ఎడం ఉన్నా రెండుగా తెలుస్తుంది. వీపుపై సుమారు 40 మిల్లీమీటర్లు ఉంటేగాని తెలియదు. జపమాల పూసను కన్నులు మూసుకొని వ్రేలికొసలతో లెక్కించగలగడానికి ఈ సూక్ష్మతే ఆధారం. 1880 దశకంలో స్వీడన్ దేశీయుడు మాగ్నస్ బ్లిక్స్, జర్మనీలో ఆల్ఫ్రెడ్ గోల్డ్‌షైడర్ చర్మంపై చలికి, వేడిమికి, ఒత్తిడికి వేర్వేరు బిందువులు ఉన్నాయని విడివిడిగా కనుగొన్నారు. తరువాతి దశకంలో మాక్స్ ఫాన్ ఫ్రై గుర్రపు వెండ్రుకలవంటివాటితో చర్మాన్ని తాకి, నొప్పికి కూడా ప్రత్యేకబిందువులు ఉన్నాయని చూపాడు. శీతోష్ణభేదంతో స్పర్శను విభజించిన మన వైశేషికులు గుణాన్ని వస్తువులో చూశారు. వీరు దానిని గ్రహించే ద్వారాలను చర్మంలో వెదికారు.

1906లో చార్ల్స్ షెరింగ్టన్ తన గ్రంథంలో హానిని సూచించే ప్రేరణలకు ప్రత్యేకమైన పారిభాషికపదం వాడుకలోకి తెచ్చాడు. నాడీతంతువుల వేగాలను కొలిచిన జోసెఫ్ ఎర్లాంగర్, హెర్బర్ట్ గాసర్‌లకు 1944 నోబెల్ బహుమానం లభించినది. మృదుస్పర్శను మోసే లావుపాటి తంతువులలో వార్త సెకనుకు సుమారు 35 నుండి 75 మీటర్లు ప్రయాణిస్తుంది. నొప్పికి రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి సెకనుకు 5 నుండి 30 మీటర్ల వేగం కలది. మరొకటి 2 మీటర్లకు మించనిది. హారతిపళ్ళెం అంచు వేడెక్కి వ్రేలికి తగిలిన అర్చకుడెవరైనా దీనిని ఎరుగును. ముందు ఛురుక్కుమంటుంది, చేయి తీసివేసిన తరువాత నెమ్మదిగా మంట వ్యాపిస్తుంది. చేయి తీయమన్న ఆజ్ఞ వెన్నుపాములోనే వెలువడుతుంది. "కాలినది" అన్న ఎరుక ఆ తరువాతిది.

ఈ ద్వారాలు ఎలా తెరచుకొంటాయో ఇటీవల తెలిసినది. 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం మిరపకాయలోని కాప్సైసిన్ అనే ద్రవ్యానికి స్పందించే ప్రోటీనును గుర్తించినది. అదే ప్రోటీను సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి కూడా స్పందిస్తుంది. గుంటూరు మిరపకాయ నాలుకపై మండుతున్నదని మనం అనేది అలంకారం కాదు. వేడిని గ్రహించే ద్వారమే అక్కడ తెరచుకొంటున్నది. 2010లో ఆర్డెమ్ పటపూటియన్ బృందం ఒత్తిడిని గ్రహించే ప్రోటీనులను కనుగొన్నది. వీరిరువురికీ 2021లో నోబెల్ బహుమానం వచ్చింది.

త్రాడు తెగిన చోట

గంటత్రాడు ఉపమానమే నిజమైతే, గాయమెంత ఉంటే నొప్పి అంత ఉండాలి. గాయం లేకపోతే నొప్పి ఉండరాదు. ఈ రెండూ తప్పని యుద్ధరంగాలు చూపాయి.

అమెరికా అంతర్యుద్ధంలో కాళ్ళుచేతులు కోల్పోయిన సైనికులకు వైద్యం చేసిన సైలాస్ వియర్ మిచెల్, లేని అంగంలో నొప్పిని వారు అనుభవించడం చూశాడు. తెగిపోయిన చేతి పిడికిలి బిగుసుకొని, గోళ్ళు అరచేతిలో గ్రుచ్చుకొంటున్నట్లు బాధ. అరచేయి లేదు, గోళ్ళు లేవు. బాధ మాత్రం ఉన్నది. 1871లో ఆయన దీనికి ఛాయాంగం అనదగిన పేరు పెట్టాడు. దీనికి విపరీతమైన ఉదాహరణ రెండవ ప్రపంచయుద్ధంలో కనబడినది. ఇటలీ రణరంగంలో తీవ్రంగా గాయపడిన సైనికులను హెన్రీ బీచర్ అనే వైద్యుడు ప్రశ్నించి 1946లో ఫలితాలు ప్రకటించాడు. వారిలో సుమారు నాల్గింట మూడువంతులమంది నొప్పికి మందు అక్కరలేదన్నారు. వారికి ఆ గాయం మృత్యుముఖంనుండి బయటపడి ఇంటికి వెళ్ళే దారి. అంతకన్న చిన్న గాయాలతో ఆసుపత్రికి వచ్చే పౌరులు మందుకోసం అలమటించేవారు.

మెదడులో ఏమి జరుగుతున్నది? 1937లో కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్, ఎడ్విన్ బోల్డ్రీ శస్త్రచికిత్సవేళ మెలకువతో ఉన్న రోగుల మెదడుపై స్వల్పవిద్యుత్తును ప్రయోగించి, ఏ భాగాన్ని తాకితే ఏ అంగంలో స్పర్శ తోస్తున్నదో చిత్రించారు. పెదవులకు, చేతివ్రేళ్ళకు అందులో విశాలమైన స్థానం, వీపుకు అతిస్వల్పం. వేబర్ కొలతలకు కారణం ఇలా తెలిసినది. దేహమంతటి స్పర్శనూ ఎరిగే మెదడుపదార్థానికి తనకంటూ నొప్పి లేదు. అందుకే మెలకువలోనే ఆ శస్త్రచికిత్స సాధ్యమైనది.

1965లో రొనాల్డ్ మెల్‌జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు పండితులు ద్వారసిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. వెన్నుపాములో ఒక ద్వారం వంటి ఏర్పాటు ఉన్నది. నొప్పివార్త దానిని దాటాలి. మృదుస్పర్శను మోసే తంతువులు ఆ ద్వారాన్ని కొంత మూయగలవు. మోకాలు గడపకు తగిలితే చేత్తో రుద్దుకొంటాము. పడిన బిడ్డను తల్లి నిమురుతుంది. పైనుండి మెదడు కూడా ఆ ద్వారంపై అధికారం నెరపుతుంది. భయం, ఆశ, అవధానం ఆ దారినే పనిచేస్తాయి. ఆ సిద్ధాంతంలోని వివరాలు కొన్ని తరువాత సవరింపబడినా, మూలభావన నిలిచినది. 1975లో స్కాట్లాండులోని అబెర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ నల్లమందువలె పనిచేసే ద్రవ్యాలను మెదడు తానే తయారుచేసుకొంటుందని చూపారు. 1978లో అమెరికాలో పన్నుతీసిన రోగులపై ఒక పరీక్ష జరిగినది. ఉత్తుత్తి మందు ఇచ్చినా, మందన్న విశ్వాసంతో కొందరికి నొప్పి తగ్గినది. నల్లమందు ప్రభావాన్ని అడ్డుకొనే ఔషధం ఇవ్వగానే ఆ ఉపశమనం తొలగినది. విశ్వాసం దేహంలో నిజమైన ద్రవ్యాన్నే స్రవింపజేసినదన్న మాట.

ఛాయాంగబాధతో ఉన్నవారికి 1990 దశకంలో తమిళదేశంలో జన్మించి అమెరికాలో పనిచేసిన విలయనూర్ రామచంద్రన్ ఒక సాధారణమైన అద్దపు పెట్టెను ఉపకరణంగా చేశారు. ఉన్న చేయి ప్రతిబింబం లేని చేయి స్థానంలో కనబడుతుంది. పిడికిలి విప్పగానే, లేని పిడికిలి కూడా విప్పుకొన్నట్లు కొందరికి తోచి బాధ తగ్గినది.

వేదాంతులకు రజ్జుసర్పం గుర్తుకు వస్తుంది. అయితే ఒక భేదం మరువరాదు. సర్పం మిథ్య అయినా, దానిని చూచినవాని గుండెదడ మిథ్య అని అప్పటికి అతనితో అనలేము. దీపం తేవాలి. రామచంద్రన్ చేసినది అదే. "నీ చేయి లేదు, కనుక నొప్పి లేదు" అని వాదించలేదు, అద్దం తెచ్చారు.

వేలూరులో స్పర్శహాని

సుశ్రుతుని స్పర్శహాని దగ్గరకు ఇప్పుడు వద్దాము. కుష్ఠరోగికి వ్రేళ్ళు, పాదాలు ఎందుకు నశిస్తాయి? మాంసం కుళ్ళి రాలిపోతుందని లోకం నమ్మినది. 1914లో తమిళదేశంలోని కొల్లిమలలో ఆంగ్ల మిషనరీ దంపతులకు జన్మించిన పాల్ బ్రాండ్ శస్త్రవైద్యుడై 1946లో వేలూరుకు వచ్చారు. చెంగల్పట్టు కుష్ఠరోగాశ్రమంలో వంకరపోయిన చేతులను పరీక్షిస్తూ, వాటిలో బలం మిగిలే ఉన్నదని గమనించారు. మాంసం కుళ్ళలేదు, నొప్పి చచ్చిపోయినది. వేడిపాత్రను పట్టుకొన్నా తెలియదు. చెప్పులో మేకు దిగినా తెలియదు. పుండుపడిన పాదంతోనే నడక సాగుతుంది. రాత్రికి రాత్రి కొందరి వ్రేళ్ళు మాయమవడానికి కారణం వెదికితే, నిద్రలో ఎలుకలు కొరుకుతున్నాయని, స్పర్శ లేనందున రోగి మేల్కొనడంలేదని బయటపడినదని ఆయన వ్రాసుకొన్నారు.

తరువాత ఆయన 1966లో అమెరికాలోని కార్‌విల్ కుష్ఠాలయానికి వెళ్ళి, కృత్రిమమైన నొప్పిని తయారుచేయడానికి పూనుకొన్నారు. ఒత్తిడి హద్దు మీరితే శబ్దంతో, ఆపైన విద్యుదాఘాతంతో హెచ్చరించే తొడుగులు చేయించారు. ప్రయత్నం విఫలమైనది. పని పూర్తిచేసుకోవాలన్న తొందరలో రోగులు హెచ్చరికను ఆపివేసేవారు. ఆపివేయడానికి వీలులేనిదై ఉండడమే సహజవేదనకు ఉన్న శక్తి అని ఆయన గ్రహించారు.

2006లో ఉత్తర పాకిస్తాన్ కుటుంబాలలో జరిగిన పరిశోధన ఇదే విషయాన్ని మరింత విషాదంగా చూపినది. ఒక బాలుడు వీథిలో నిప్పులపై నడచి, చేతులలో కత్తులు గ్రుచ్చుకొని ప్రదర్శనలిచ్చేవాడు. అతనికి నొప్పి అంటే ఏమిటో పుట్టుకతోనే తెలియదు. పద్నాలుగేళ్ళ ప్రాయంలో ఇంటికప్పుమీదినుండి దూకి మరణించాడు. అటువంటివారికి స్పర్శ, శీతోష్ణజ్ఞానం ఉన్నాయి. ఒక్క జన్యువులోని లోపంవల్ల నొప్పివార్త మాత్రం బయలుదేరదు. చూచినవారు ఆ బాలుని జితేంద్రియుడు అనుకొని ఉండవచ్చు. అతడు జయించినది ఏమీ లేదు. కావలివాడు లేని ఇంటిలో నివసించాడు, అంతే.

చెప్పుకోలేనివారి వేదన

ఈ చరిత్రలో మన మనస్సును అన్నిటికన్న ఎక్కువగా కలవరపరచే ఘట్టం దూరకాలానిది కాదు. 1980 దశకం నడిమివరకు పాశ్చాత్యదేశాలలో అప్పుడే పుట్టిన శిశువులకు అనేకచోట్ల నామమాత్రపు మత్తుతో, కొన్నిచోట్ల అదీ లేకుండా శస్త్రచికిత్సలు చేసేవారు. శిశువు నాడీమండలం అపక్వమని, నొప్పి తెలియదని, తెలిసినా గుర్తుండదని పండితుల నమ్మకం. 1987లో ఆక్స్‌ఫర్డులో పనిచేస్తున్న భారతీయసంతతి వైద్యుడు కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన సహచరులు తమ పరీక్షాఫలితాలు ప్రకటించారు. తగిన నొప్పిమందు పొందిన శిశువులలో శస్త్రచికిత్సవల్ల కలిగే దేహక్షోభ చాల తక్కువ. తరువాతి ఉపద్రవాలూ తక్కువ. ఆ తరువాతనే ఆ పద్ధతి మారసాగినది. చెవి కుట్టడానికి సైతం శిశువును బొమ్మలతో లాలించమన్న సుశ్రుతుడు పాటించిన జాగ్రత్త, యంత్రసంపద అపారంగా ఉన్న కాలంలో మరుగునపడినది.

వేదనాధ్యయనానికై ఏర్పడిన అంతర్జాతీయసంఘం 1979లో నొప్పికి నిర్వచనం చేసి, 2020లో సవరించినది. దాని సారాంశం ఇది: వేదన ఇంద్రియసంబంధమూ, మనోభావసంబంధమూ అయిన అనుభవం. దేహానికి హాని జరిగినపుడు, జరుగనున్నపుడు, జరిగినట్లే తోచినపుడు కూడా అది కలుగుతుంది. తనకు నొప్పి ఉన్నదని ఒకరు చెపితే ఆ మాటను గౌరవించాలి. నోటితో చెప్పలేనంత మాత్రాన వారికి నొప్పి లేదనరాదు. మనస్సు, సేంద్రియదేహం రెండూ అధిష్ఠానమన్న ఆత్రేయుని పక్షానికి ఇది చాల సమీపంగా ఉన్నది. దీనిని గొప్పగా చాటుకోవడానికి చెప్పడంలేదు. ఆత్రేయుని మాట మనదే అయినా, మనం దానిని ఎంతవరకు ఆచరిస్తున్నామో చూచుకోవడానికి చెప్తున్నాను.

తితిక్ష ఎవరికి విధి?

ఇంతకూ మొదటి సమాధానం సంగతి. బాధలో మనస్సుకు భాగం ఉన్నదన్నది సత్యమే. బీచర్ చూచిన సైనికులు, పన్నుతీయించుకొన్న రోగులు అందుకు సాక్షులు. జపధ్యానాలవల్ల బాధ తగ్గితే అది భ్రమ అని ఎవరూ తోసివేయనక్కరలేదు. అయితే మనస్సుకు భాగం ఉన్నందువల్ల బాధ అబద్ధమని తేలదు. ఛాయాంగబాధ మెదడులో పుట్టినా బాధే. లోపల ఉన్న దానిని "ఏమీ లేదు" అనడం ఏ ప్రమాణానికీ నిలువదు.

శాస్త్రం తితిక్షను విధించలేదా అని అడుగవచ్చు. విధించినది. గీత ద్వితీయాధ్యాయంలో భగవానుడు శీతోష్ణసుఖదుఃఖాలనిచ్చే మాత్రాస్పర్శలు వచ్చిపోయేవని, వాటిని సహించమని అర్జునునికి చెప్పాడు. శంకరుల పేర ప్రసిద్ధమైన వివేకచూడామణి, దుఃఖాలను ప్రతీకారం చేయక, చింతావిలాపాలు లేక సహించడమే తితిక్ష అన్నది. కాని ఆ గ్రంథం ఈ మాటను సాధనసంపత్తిలో భాగంగా, ముముక్షువు తనకై తాను అలవరచుకోవలసిన గుణంగా చెప్పినది. అది ఎవరి నొప్పినో చూచి మనం వారికి విధించే నియమంగా చెప్పలేదు. గీత పదిహేడవ అధ్యాయమే దేహంలోని భూతసముదాయాన్ని కృశింపజేసే ఘోరతపస్సును నిందించినది. మూఢపట్టుదలతో తన్ను తాను పీడించుకొని చేసేది తామసతపస్సన్నది. తన దుఃఖం విషయంలో తితిక్ష, పరదుఃఖం విషయంలో కరుణ. ఈ రెండింటి స్థానాలు తారుమారైతే అదే అధర్మం.

ఆలయంలో నిత్యం చూచేవానిగా రెండు మాటలు చెప్తాను. మధుమేహం ముదిరినవారికి పాదాలలో స్పర్శ క్రమంగా తగ్గుతుంది. వేసవి మధ్యాహ్నం కాగిన బండలపై అటువంటివారు ప్రదక్షిణలు చేసి, అరికాళ్ళు బొబ్బలెక్కినా ఎరుగక తీర్థానికి నిలబడడం చూశాను. ప్రక్కవారు అది స్వామి మహిమ అంటారు. అది సుశ్రుతుడు చెప్పిన స్పర్శహాని, బ్రాండ్ చెప్పిన ప్రమాదం. ఆ పుండు మానక పాదానికే ముప్పు రావచ్చు. అటువంటివారు చల్లనివేళ రావాలి. పట్టా పరచిన దారిలోనే నడవాలి. ఇంటికి వెళ్ళి అరికాళ్ళు కన్నులతో చూచుకోవాలి, చూచుకోలేకపోతే ఇంటివారు చూడాలి. తామే చెప్పలేని వేదనను ఇతరులు వారి పక్షాన చూడాలి. ఇక మోకాళ్ళ నొప్పితో కుర్చీలో కూర్చుని అర్చన చేయించుకొనేవారు, నొప్పికి మందు వేసుకొని పారాయణకు వచ్చేవారు తమ భక్తిలో లోపమున్నదని సంకోచపడనక్కరలేదు. వారిని చూచి పెదవి విరిచేవారే సంకోచపడాలి.

స్వీడన్‌లో గొథెన్‌బర్గ్ శాస్త్రజ్ఞులు గత కొన్ని దశాబ్దాలలో చర్మంలోని మరొక జాతి తంతువులను పరిశీలించారు. మందగామి అయిన ఈ తంతువులు సెకనుకు సుమారు 1 నుండి 10 సెంటీమీటర్ల వేగంతో చర్మాన్ని మృదువుగా నిమిరినపుడు ఎక్కువగా స్పందిస్తాయి. తల్లి బిడ్డను నిమిరే వేగం ఇంచుమించు అదే. హానిని తెలిపే ద్వారాలతోపాటు ఓదార్పును గ్రహించే ద్వారాన్ని కూడా ఈశ్వరుడు ఈ దేహంలో ఉంచాడు. మంచంపట్టినవాని ప్రక్కన కూర్చుని చేయి నిమరడం వేదాంతబోధకన్న తక్కువ సేవ అనుకోరాదు.

చలికాలపు ఉషఃకాలంలో అభిషేకానికి నీరు కాచి, గోరువెచ్చగా ఉన్నదో లేదో ముంజేతిపై పోసి చూచుకొన్న తరువాతనే స్వామికి సమర్పిస్తాము. శిలామూర్తికి వేడి తగులుతుందేమోనని చేయి పెట్టి చూచే సంప్రదాయం మనది. ఆ మూర్తిలో ఉన్నవాడే ఎదుటి దేహంలోనూ ఉన్నాడని చదువుకొన్నవారం గనుక, ఆ దేహం "నొప్పి" అన్నపుడు కూడా ముందు చేయి పెట్టి చూడాలి. ఆ తరువాతనే తత్త్వం చెప్పాలి.